శివారు దాకా అందేలా: ఆన్‌లైన్ ఆటలో అనుభవ పాయింట్లు పంచడం ఎలా

ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి కలిసి కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటను నడిపేవారి చేతిలో రెండు అధికారాలు ఉంటాయి. కథను ముందుకు నడపడం ఒకటి, ఎక్స్‌పీ అని అందరూ పిలుచుకొనే అనుభవ పాయింట్లు ఇవ్వడం రెండోది. ఆ పాయింట్లు కూడేకొద్దీ పాత్ర బలం మెట్టు మెట్టుగా పెరుగుతుంది, ఆ మెట్టునే లెవెల్ అంటారు. మొదటిదానిలో పొరపాటు జరిగితే ఆటగాళ్ళు నవ్వి ఊరుకొంటారు; రెండోదానిలో జరిగితే పైకి ఏమీ అనరు గాని, కొన్ని వారాల తర్వాత ఏదో ఒక సాకు చెప్పి ఆటకు రావడం మానేస్తారు. కనుక కథ రాసుకోవడానికి కూర్చొనేముందే పాయింట్ల పద్ధతి రాసుకోవడం మంచిది.

నేను ఐదుగురితో శనివారం రాత్రులు డిస్కార్డ్ అనే మాటల, చాట్ యాప్‌లో ఆట నడుపుతాను. ఒకరు అమలాపురం దగ్గర కొబ్బరి వ్యాపారం చేస్తారు, ఒకరు భీమవరం వైపు రొయ్యల చెరువులు చూసుకొంటారు, ఒకామె కువైట్‌లో నర్సు, మిగిలిన ఇద్దరూ హైదరాబాద్‌లో చదువుకొంటున్న పాలకొల్లు కుర్రాళ్ళు. కథ మేమే అల్లుకొన్న గోదావరి లంకల్లో జరుగుతుంది. మొదటి ఆరు నెలలు నేను ఆ వారం ఎవరు ఎంత మాట్లాడారు, చాట్‌లో ఎంత రాశారు అన్నదాన్ని బట్టి పాయింట్లు ఇచ్చాను. అది న్యాయమనే అనుకొన్నాను. కుర్రాళ్ళిద్దరూ ఐదో లెవెల్‌కు చేరేసరికి చెరువుల ఆయన మూడో లెవెల్‌లోనే ఉండిపోయారు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలడం మొదలవుతుంది కాబట్టి, ఆయన సెషన్ మధ్యలో లేచి జనరేటర్ వేయడానికి వెళ్ళక తప్పదు. "ఏం తమ్ముడూ, నేను ఏరియేటర్లు చూసుకొచ్చేలోపు మీరంతా రెండు మెట్లు ఎక్కేశారన్నమాట!" అని ఒక రాత్రి నవ్వుతూనే అన్నారు. మా వైపు నవ్వుతూ అన్న మాటకే బరువెక్కువ.

నేను చేసిన తప్పు ఏమిటో డెల్టాలో పుట్టినవారికి వివరించనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీటిని కాలువ మొదట్లో ఉన్న చేలు ఎంతైనా తాగగలవు. శివారు రైతు మాత్రం దాళ్వాలో వంతు ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కూర్చొంటాడు. నేను తూము దగ్గర ఉన్నవారికే నీరు పెట్టాను. ఈ కింద చెప్పే పద్ధతి ఆ తర్వాత సంవత్సరంన్నరగా దిద్దుకొంటూ వచ్చినది. మీ ఆటకు ఇది యథాతథంగా సరిపోకపోవచ్చు, కాని మెట్ల వరుస మాత్రం మార్చకండి.

ముందుగా పాయింటు దేనికో తేల్చుకోండి

మొదటి సెషన్‌కు ముందే ఒక్క వాక్యం రాయండి: "మా ఆటలో పాయింట్లు ఫలానా పనికి వస్తాయి." ఆ ఖాళీలో మీరు ఏది రాస్తే మీ ఆటగాళ్ళు అదే చేస్తారు. 1974లో వచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసులను ఓడించినందుకే కాకుండా, నిధిని క్షేమంగా బయటికి తెచ్చినందుకు కూడా పాయింట్లు ఉండేవి. నిధి నుంచి వచ్చేవే ఎక్కువ కావడంతో తెలివైన జట్టు పోరాటం తప్పించుకొని పెట్టె ఎత్తుకొచ్చే ఉపాయం వెతికేది. ఆ ఆటే తర్వాతి కూర్పుల్లో పాయింట్లను ప్రధానంగా శత్రువులను ఓడించడానికి ముడిపెట్టేసరికి, అదే జట్టు కనిపించిన ప్రతి గుహలోకీ కత్తి దూసి వెళ్ళసాగింది. 2012 నాటి డన్జన్ వరల్డ్ మరో దారి పట్టింది: పాచికలు 6 గాని అంతకంటే తక్కువ గాని పడి పని చెడినప్పుడు ఆటగాడు ఒక పాయింటు వేసుకొంటాడు, సెషన్ చివర "ఈ రోజు లోకం గురించి ముఖ్యమైన కొత్త సంగతి తెలుసుకొన్నామా" వంటి ప్రశ్నలకు అవునన్న ప్రతిసారీ అందరూ ఒక్కో పాయింటు వేసుకొంటారు. అక్కడ విఫలం కావడానికి ఎవరూ భయపడరు.

మా వాక్యం ఇది: "లంకల్లోని జనానికి ఒక చిక్కు విడిపోతే పాయింట్లు వస్తాయి, ఎలా విడిపోయిందన్నది లెక్కలోకి రాదు." ఇసుక దొంగలను కొట్టి తరిమినా, వాళ్ళ నాయకుడితో రేవులో కూర్చొని బేరం కుదుర్చుకొన్నా అంకె ఒకటే. ఈ రెండో భాగం లేకపోతే మాటకారి పాత్రలు ఎంచుకొన్నవారు మొదటి రోజు నుంచే నష్టపోతారు.

కొలత ఎంచుకోండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా లెక్క చూడాలి, ఎందుకంటే అన్యాయం ఎక్కువగా అంకెల్లోనే దాగి ఉంటుంది.

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 5వ కూర్పులో రెండో లెవెల్‌కు 300 పాయింట్లు, మూడోదానికి మొత్తం 900, నాలుగోదానికి 2,700, ఐదోదానికి 6,500, ఆరోదానికి 14,000 కావాలి. శత్రువుకు ఇంత అని ఒక విలువ ఉంటుంది. 2014 నాటి నియమాల ప్రకారం గాబ్లిన్‌కు 50, ఓగర్‌కు 450. ఆ విలువను పోరాటంలో ఉన్నవారందరికీ సమంగా పంచాలి. నలుగురి జట్టు రెండో లెవెల్ ఎక్కాలంటే 1,200 పాయింట్లు, అంటే 24 గాబ్లిన్‌లు. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఓగర్‌ను ఐదుగురు కొడితే తలా 90, ఆ రోజు ఒకరు రాకపోతే తలా 112.5. అంటే ఒకరి గైర్హాజరు మిగిలినవారికి లాభం. బల్ల చుట్టూ కూర్చొని ఆడే ఆటలో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు గాని, నెట్ తెగిపోవడం, కరెంటు పోవడం వారంవారం జరిగే ఆన్‌లైన్ ఆటలో ఇది విషంలా పాకుతుంది. "ఆయన లైన్‌లోకి వచ్చేలోపు కానిచ్చేద్దాం" అనే మాట మా ఆటలోనే ఒకసారి విన్నాను.

ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్, దాని 2వ కూర్పు ఈ చిక్కును తొలగించింది. అందులో ప్రతి లెవెల్‌కూ 1,000 పాయింట్లే. తేలికైన పోరాటానికి 60, మధ్యస్థమైనదానికి 80, తీవ్రమైనదానికి 120, ప్రాణాంతకమైనదానికి 160. ఈ అంకె పంచేది కాదు, ప్రతి ఒక్కరికీ అంతే వస్తుంది. జట్టులో ఐదో మనిషి చేరితే శత్రువుల బలం పెంచాలి గాని అంకె మారదు. పోరాటంతో పనిలేని విజయాలకు కూడా 10, 30, 80 అని మూడు మెట్లున్నాయి. మీరు ఏ నియమాలతో ఆడుతున్నా సరే, పాయింట్ల వరకు ఈ పంచని కొలతను అరువు తెచ్చుకోమని నా సలహా. లెవెల్ త్వరగా మారాలనుకొంటే 1,000కి బదులు 800, నిదానంగా కావాలంటే 1,200 పెట్టుకోవచ్చు.

ఒక రాత్రి లెక్క చూపిస్తాను. కొబ్బరికాయల పడవను దోచుకొన్న ముఠాతో పోరాటం మధ్యస్థం, 80. లాకుల దగ్గర కాపలావాళ్ళను మాటల్లో పెట్టి దాటారు. పోరాడి ఉంటే తేలికైనది అయ్యేది కనుక 60. లాకుల తలుపులు రాత్రిపూట ఎత్తుతున్నది ఎవరో కనిపెట్టారు, 30. మొత్తం 170, ప్రతి ఒక్కరికీ 170. ఈ వేగంతో ఆరు శనివారాలకు ఒక లెవెల్ మారుతుంది. మా వంటి ఉద్యోగస్తుల, వ్యవసాయదారుల జట్టుకు ఆ వేగం సరిపోయింది. సెలవుల్లో ఉన్న విద్యార్థుల జట్టు అయితే 800 కొలత కావాలంటుంది.

పాత్రల రకాన్ని బట్టి వేర్వేరు కొలతలు పెట్టాలన్న ఆలోచన వస్తే వదిలేయండి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ తొలినాళ్ళ నియమాల్లో రెండో లెవెల్‌కు యోధుడికి 2,000, మాంత్రికుడికి 2,500, పూజారికి 1,500 ఉండేవి. 2000లో వచ్చిన 3వ కూర్పు నుంచి అందరికీ ఒకే పట్టిక అయింది. ఆటగాళ్ళు ఒకరి అంకె పక్కన ఒకరి అంకె పెట్టి చూసుకోవాలంటే కుంచం ఒక్కటే ఉండాలి.

జట్టు వాటా, సొంత వాటా

పైన చెప్పినదంతా జట్టు వాటా. దానికి అదనంగా ఒక్కొక్కరి ప్రత్యేక ప్రతిభకు కొంత ఇవ్వాలని మీకు అనిపిస్తుంది, అనిపించడం సహజమే. ఇవ్వండి, కాని సెషన్‌కు మనిషికి 10కి మించకూడదు, అంటే జట్టు వాటాలో పదో వంతుకు కూడా చేరకూడదు. అంతకు మించితే పాత రోగం తిరగబెడుతుంది.

ఈ 10 పాయింట్లను దేనికి ఇవ్వకూడదో ముందు చెబుతాను. రాసిన పొడుగును బట్టి ఇవ్వకండి. ల్యాప్‌టాప్ ముందు తీరిగ్గా కూర్చొన్నవాడు నాలుగు పేరాలు రాస్తాడు, చెరువు గట్టు మీద ఫోన్‌లో తెలుగు టైప్ చేసేవాడు నాలుగు మాటలు రాస్తాడు. మా ఆటలో ఇప్పటివరకు అందరూ గుర్తుపెట్టుకొన్న మాట "పడవ తిప్పండి, నేను దిగుతున్నా" అన్నది. అది ఫోన్‌లో వచ్చినదే. ఆన్‌లైన్‌లో ఉన్న గంటలను బట్టి కూడా ఇవ్వకండి. మూడోది మా ప్రాంతానికి ప్రత్యేకమైనది: నవ్వించినందుకు ఇవ్వకండి. గోదావరి మనిషికి వెటకారం పుట్టుకతో వస్తుంది, ఆట నడిపేవాడు పగలబడి నవ్విన మరుక్షణం చేతికి ఎముక లేకుండా పాయింట్లు రాసేస్తాడు. నేను నెలరోజుల పద్దు వెనక్కి తిప్పి చూసుకొంటే సొంత వాటాలో సగం పైగా ఒకే కుర్రాడి జోకులకు వెళ్ళింది. అతను ఆట బాగా ఆడతాడు, అది వేరే సంగతి.

ఆ 10 పాయింట్లు ఎవరికో మీరే నిర్ణయించకపోవడం అన్నిటికంటే మేలు. సెషన్ ముగిసిన తర్వాత ప్రతి ఆటగాడూ తనను కాకుండా ఇంకొకరిని, ఒక కారణంతో, మీకు విడిగా సందేశం ద్వారా చెప్పాలి. ఒక్కరు పేరు చెప్పినా 10, నలుగురు చెప్పినా 10. వరుసగా రెండు వారాలు అదే మనిషిని చెప్పకూడదన్న నియమం కూడా పెట్టండి, లేకపోతే ఇద్దరు స్నేహితులు చేబదుళ్ళ లెక్కలో ఒకరికొకరు ఇచ్చుకొంటారు. మీ బావమరిదో, పెద్దనాన్న కొడుకో జట్టులో ఉన్నట్లయితే ఈ పద్ధతి తప్పనిసరి; మీరు ఆయనకు ఇచ్చిన ప్రతి పాయింటునూ మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెడతారు, ఇవ్వకపోతే ఇంట్లో పెళ్ళి భోజనాల దగ్గర మీరు సంజాయిషీ చెప్పుకోవాలి.

రానివారి సంగతి

అసలు పరీక్ష ఇక్కడే. సార్వా కోతలప్పుడు ఇద్దరు ఉండరు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అంటే చాలు, తీరం వెంబడి కరెంటు, నెట్ రెండూ నమ్మకం లేనివి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది, మన రాత్రి తొమ్మిదిన్నర అక్కడ ఏడు గంటలు. ఆ నర్సు గారికి డ్యూటీ మారిన వారం ఆట లేనట్టే.

రానివారికి ఏమీ ఇవ్వకపోవడం, సగం ఇవ్వడం, పూర్తిగా ఇవ్వడం అని మూడు దారులున్నాయి. నేను మూడూ ప్రయత్నించి, జట్టు వాటాను అందరికీ పూర్తిగా ఇవ్వడమే సరైనదన్న నిర్ణయానికి వచ్చాను. దీనికి కారణం దయ కాదు. లెవెల్ తేడా వస్తే ఆటే చెడుతుంది. 5వ కూర్పులో ఐదో లెవెల్ యోధుడు ఒకే వంతులో రెండుసార్లు కొడతాడు, మాంత్రికుడికి ఫైర్‌బాల్ వంటి మూడో స్థాయి మంత్రాలు అందుతాయి. వారి పక్కన మూడో లెవెల్ పాత్ర నిలబడితే శత్రువును వారికి తగ్గట్టు పెట్టినప్పుడు ఈయన ఒక్క దెబ్బకు పడిపోతాడు, ఈయనకు తగ్గట్టు పెడితే వారికి ఆవలింతలు వస్తాయి. రాలేకపోయినందుకు ఒకసారి కథ పోయింది, మళ్ళీ వచ్చిన రోజున పోరాటం కూడా పోవాలా?

"ప్రతి వారం వచ్చే మాకూ, నెలకోసారి వచ్చేవారికీ ఒకటేనా?" అని మిగిలినవారు తప్పక అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పాయింట్లలో కాకుండా కథలో ఇవ్వండి: ఉన్నవారికే దొరికే వస్తువు, రేవులో సరంగు వారికి మాత్రమే చెప్పే రహస్యం, ఊరి పెద్ద వారి పేరు మీద రాసిచ్చే మాట. హాజరుకు ప్రతిఫలం దక్కుతుంది, లెవెల్ మాత్రం అలాగే ఉంటుంది. చెప్పకుండా మూడు వారాలు వరుసగా రానివారికి నాలుగో వారం నుంచి వాటా ఆపండి; తిరిగి రాగానే మళ్ళీ మొదలుపెట్టండి. సెషన్ మధ్యలో నెట్ పోయినవారిని పూర్తిగా హాజరైనట్టే లెక్కించండి, దాని మీద చర్చ పెట్టకండి.

కొత్తగా చేరినవారికి గాని, ఆగిన వాటా వల్ల వెనకబడినవారికి గాని మరో ఏర్పాటు కావాలి. 5వ కూర్పు పట్టిక ఈ పని కొంతవరకు తనంతట తానే చేస్తుంది: ఐదో లెవెల్‌లో ఉన్నవారు ఆరుకు చేరడానికి 7,500 సంపాదించేలోపు, సున్నా నుంచి మొదలైనవారు అదే 7,500తో ఐదో లెవెల్ దాటి ఉంటారు. ప్రతి లెవెల్‌కూ 1,000 అన్న సమాన కొలతలో ఆ సౌకర్యం లేదు, అంతరం అలాగే నిలిచిపోతుంది. అందుకే పాత్‌ఫైండర్‌లో వెనకబడిన పాత్ర జట్టు లెవెల్‌ను అందుకొనేవరకు రెట్టింపు పాయింట్లు ఇమ్మంటారు. మేమూ అదే చేస్తాం.

దీన్ని ఆటగాళ్ళకు ఎలా చెబుతారన్నది కూడా ముఖ్యం. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట పరీక్షల దశలో ఎక్కువసేపు ఆడినవారికి పాయింట్లు సగానికి తగ్గించే ఏర్పాటు ఉండేది, ఆటగాళ్ళు మండిపడ్డారు. తయారీదారులు అంకెలను దాదాపు అలాగే ఉంచి, సత్రంలో విశ్రాంతి తీసుకొని వచ్చినవారికి రెట్టింపు అని పేరు మార్చారు. అదే ఏర్పాటును జనం మెచ్చుకొన్నారు. కాబట్టి "వచ్చేవారికి తగ్గిస్తున్నాం" అని ఎప్పుడూ అనకండి. వెనకబడినవారికిచ్చే ఆ రెట్టింపును మేము "రేవు విశ్రాంతి" అంటాం. చెరువుల ఆయన మూడో లెవెల్ నుంచి పైకి వచ్చింది దాని మీదే.

పద్దు

సెషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం లోపు పాయింట్లు రాయండి. గూగుల్ షీట్ ఒకటి చాలు: తేదీ, జరిగిన పని, అంకె, కారణం, ఎవరెవరికి. చూసే హక్కు అందరికీ, రాసే హక్కు మీ ఒక్కరికే. కారణం అన్న గడిని ఖాళీగా వదలకండి, "బాగా ఆడారు" అని కూడా రాయకండి. "లాకుల కాపలావాళ్ళను పోరాటం లేకుండా దాటారు" అని రాస్తే వచ్చే నెల అదే పరిస్థితికి అదే అంకె ఇవ్వగలుగుతారు. భిన్నం వస్తే అందరికీ పైకి సవరించండి.

అభ్యంతరాలకు తర్వాతి సెషన్ మొదలయ్యేవరకు గడువు పెట్టండి, ఆ తర్వాత ఆ వరుస మూసేసినట్టే. తప్పు తేలితే పాత వరుసను చెరపకుండా కింద దిద్దుబాటు వరుస రాయండి. ఒకరికి పొరపాటున ఎక్కువ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోకండి, మిగిలినవారికి కూడా అంత కలపండి. ఇచ్చిన చేత్తో తీసుకోవడం ఎంత చిన్న మొత్తమైనా చేదుగానే ఉంటుంది.

దొడ్డిదారులు

నియమం రాసిన వారంలోపే ఎవరో ఒకరు దానికి కన్నం వెతుకుతారు, అది వారి తెలివికి గుర్తుగానే తీసుకోండి. బలహీనమైన జీవులను వెతికి కొట్టడం మొదటిది. పాత్‌ఫైండర్‌లో జట్టుతో సమానమైన లెవెల్ శత్రువు విలువ 40 అయితే నాలుగు లెవెళ్ళు తక్కువదానికి 10 మాత్రమే, అంతకంటే కింద ఉన్నవాటికి ఏమీ లేదు. ఈ ఒక్క పట్టికతో పందికొక్కుల వేట ఆగిపోతుంది. రెండోది వారం మధ్యలో ఇద్దరు పాత్రధారులు చాట్‌లో గంటలకొద్దీ కబుర్లాడి దానికి పాయింట్లు అడగడం. ఆ కబుర్లు నాకు ఇష్టమే, చాలాసార్లు మంచి కథ వాటిలోనే పుడుతుంది. అందుకే మనిషికి వారానికి 10 అని పరిమితి పెట్టి ఇస్తాను. జట్టులో ఒకరిని ఒకరు మోసం చేసుకొని సంపాదించినదానికి మాత్రం ఏమీ ఇవ్వను.

ఇన్ని లెక్కలు మీకు భారమైతే పాయింట్లే వద్దనుకొని, కథలో పెద్ద మలుపు వచ్చినప్పుడు అందరినీ ఒకేసారి ఒక లెవెల్ పెంచే మైలురాయి పద్ధతి ఉంది. అది సులువు, తగవులు రావు. కాని వారంవారం చేతికి కొంత అందుతున్నదన్న సంతోషం అందులో ఉండదు, మలుపు ఎప్పుడన్నది పూర్తిగా మీ దయ మీద ఉంటుంది. నాకు వంతులే నచ్చాయి.

చివరి పని ప్రతి నాలుగు సెషన్లకు ఒకసారి చేయాలి. షీట్‌లో అందరికంటే ఎక్కువ ఉన్న అంకె నుంచి అందరికంటే తక్కువ ఉన్న అంకెను తీసివేయండి. తేడా 1,000 దాటితే, అంటే ఒక పూర్తి లెవెల్ దూరం వస్తే, కొత్త కథ మొదలుపెట్టకుండా ముందు కారణం వెతకండి: సొంత వాటా ఒకవైపే పోతున్నదా, వాటా ఆగిన మనిషి తిరిగి వచ్చినా మళ్ళీ తెరవడం మరిచారా, రెట్టింపు వేయడం మానేశారా. మా షీట్‌లో ఆ తేడాకు ఆఖరి గడి కేటాయించాను. పద్ధతి మార్చిన రోజున అందులో 2,140 ఉండేది, ఈ శనివారం 60 ఉంది. ఆ 60 తక్కువగా ఉన్నది హైదరాబాద్ కుర్రాడికి, పరీక్షలని చెప్పాడు.